మా పుస్తకముల పెట్టె

సోదరీమణులారా! ఒక పుస్తకమును జదివి ముగించిన పిమ్మట మీరేమి చేయుదురు? మూసి, గూటిలో బెట్టి, పొయ్యిమీది పప్పు చూచుకొనుటకు బోవుదురు గదా! మేమును బహుసంవత్సరములు అట్లే చేసితిమి. ఆ పుస్తకము మనకెట్లు తోచినదని యడుగువారు లేరు. అడుగనిదే చెప్పుట మనకలవాటు లేదు. మగవారు నలుగురు కూర్చున్నచోట ఈ గ్రంథము మంచిదనియు, ఆ గ్రంథము పనికిమాలినదనియు తీర్పులు వెలువడుచుండును. కాఫీ యందించి వచ్చునప్పుడు ఆ తీర్పులు మన చెవిని బడును. మన తీర్పు మాత్రము మన కడుపులోనే యుండిపోవును. మా యూరి స్త్రీలు కొందఱు తాము చదివిన పుస్తకములనుగూర్చి చెప్పిన మాటలను, ఆ మాటలను వినుటలో మేము చేసిన యొక పొరపాటును మీకు దెలుపుటకే ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

ఏర్పేడు మీలో ననేకులకు రైలు కిటికీనుండి మాత్రమే తెలిసియుండును. రేణిగుంటనుండి గూడూరు వైపు బోవు మార్గమున, శ్రీకాళహస్తి రాకమునుపే తగులు చిన్న స్టేషను మాది. 2022వ సంవత్సరము వఱకు చిత్తూరు జిల్లాలో నుండి, అటుపిమ్మట తిరుపతి జిల్లాలోనికి వచ్చితిమి. ఇటీవలి కాలమున ఐ. ఐ. టి., ఐసర్ అను ఉన్నత విద్యాలయములు మా మండలమున వెలసినవి. కాని వానికన్న నెన్నియో యేండ్లు ముందుగా, 1926లో, మలయాళస్వాములవారు ఇచ్చట వ్యాసాశ్రమమును నెలకొల్పిరి. కేరళదేశమున 1885లో జన్మించి, తిరుమలకొండపై తపస్సు చేసి, మా ప్రాంతమున స్థిరపడిన యా మహనీయులు, వేదాంతవిద్యకు స్త్రీలును శూద్రులును అనర్హులను వాదమును శాస్త్రప్రమాణములతోనే ఖండించి "శుష్కవేదాంత తమోభాస్కరము" అను గ్రంథమును రచించిరి. చదువుట కెవరికి హక్కు కలదను ప్రశ్నకు మా యూరిలోనే యొక సమాధానము పుట్టినదని మేము గర్వపడుచుందుము. ఆ గర్వమే మా పొరపాటును మాకు గనబడకుండ జేసినది.

మేము బడికి బోయి చదివినవారము కాము. మా నాయనగారు ఇంటియొద్దనే మాకు అమరము, ఆంధ్రభారత భాగవతములు, వసుచరిత్రము చెప్పిరి. మా వారు బడి అయివారు. కావున మా యింట బియ్యమునకు గొఱత వచ్చునేమో గాని పుస్తకములకు రాదు. మూడేండ్ల క్రిందట, మా పెండ్లినాటి ఆకుపచ్చ రేకుపెట్టెలోని పాత చీరలు దీసివైచి, అందులో నలువది పుస్తకములు పేర్చితిమి. ఇరుగుపొరుగున నేడిండ్ల స్త్రీలకు గబురు పంపితిమి. ప్రతి పున్నమినాడు మధ్యాహ్నము, వంటపని ముగిసిన పిదప, వారు మా వసారాలో గూడుదురు. చదివినది యిచ్చి, చదువనిది గొనిపోవుదురు. పెట్టె పిడికి దారముతో నొక పొడవు నోటుపుస్తకమును గట్టితిమి. నియమ మొక్కటియే: చదివిన పుస్తకమునుగూర్చి యొక వాక్యమైనను అందులో వ్రాయనిదే మఱొక పుస్తకము తీసికొనరాదు.

నలువది పుస్తకములును నలువది తీరులవి. పోతనగారి భాగవతము ప్రక్కన మాలతీ చందూరుగారి "వంటలు–పిండివంటలు". బండారు అచ్చమాంబగారి "అబలా సచ్చరిత్ర రత్నమాల" ప్రక్కన స్వాములవారి "తమోభాస్కరము". వీనికి దోడుగా యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" యను నవల. ఈ కడపటిది మేము పెట్టినది కాదు. ఇట్టి నవలలు మా దృష్టిలో దక్కువజాతివి. మా ఆడుబిడ్డ సెలవులకు వచ్చి, మాకు దెలియకుండ దానిని వసుచరిత్రము క్రింద దాచిపోయినది. ఆ దాచినదే యన్నిటికంటె ముందు చేతులు మాఱినది!

మొదటి నెలలలో నోటుపుస్తకము చదువుట మాకు పండుగవలె నుండెను. క్రొత్తగా కాపురమునకు బెంగుళూరు వెళ్లి, పురిటికి బుట్టినింటికి వచ్చిన యొక చిన్నది వంటల పుస్తకమునుగూర్చి, "అమ్మకు ఎన్నిసార్లని ఫోను చేసేది? ఈ పుస్తకము మాత్రము విసుక్కోదు" అని వ్రాసెను. ఇంతకన్న జక్కని పీఠిక యా పుస్తకమున కెవరు వ్రాయగలరు? అది ఇంటింటికి దిరిగి వచ్చునప్పటికి, పుటలమీది పసుపు మరకలనుబట్టి ఏ వంటకము ఏ యింట మెప్పు పొందినదో మాకు దెలియుచుండెను. మరకయు నొక యభిప్రాయమే.

అచ్చమాంబగారి గ్రంథమును జదివిన యింకొకామె కోపముతో నిట్లు వ్రాసెను: "లోపల ఉన్నవాళ్లందరూ ధైర్యవంతులే. పైన మాత్రం అబల అని పేరు పెట్టినారు. ఎందుకు?" పున్నమి సభలో మేము సమాధానము చెప్పితిమి. స్త్రీలు బుద్ధిహీనలు, దుర్బలలు అని వాదించువారికి బ్రత్యుత్తరముగనే ఆ తల్లి యీ చరిత్రలను గూర్చి 1901లో బ్రకటించినది. ఆమె బడి యెఱుగదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ప్రక్కను గూర్చుండి చదువు నేర్చినది. 1905లో, ముప్పదియేండ్ల ప్రాయముననే కన్నుమూసినది. మేము చెప్పినదంతయు విని ఆ ప్రశ్న వేసిన యామె కొంత తడవూరకుండి, "అట్లయితే సరే. వాళ్ల మాటనే వాళ్లకు తిప్పి కొట్టింది" అనెను. ఆమె ప్రశ్నయు మంచిదే, ఒప్పుకోలును మంచిదే.

ఇంటింటికి బాలు పోయు నొకామె "తమోభాస్కరము"ను దీసికొనిపోయి, నాలుగు నెలలు తన యొద్దనే యుంచుకొనెను. రోజుకు రెండు పుటలకు మించి సాగలేదట! తిరిగి యిచ్చునప్పుడు ఆమె వ్రాసినది రెండు వాక్యములు: "సగం నాకు తెలియలేదు. అయినా ఇది నా పక్షాన వాదించిందని తెలిసింది." శ్రుతిస్మృతి ప్రమాణములతో నిండిన యా వాదగ్రంథమునుగూర్చి పండితులు వ్రాసిన వ్యాసములలో నైనను ఇంతటి మాట మాకు దగులలేదు.

ఇక మా పొరపాటు చెప్పుదుము. నోటుపుస్తకము చదువునప్పుడు మేము ఎఱ్ఱసిరా కలమును జేత బట్టుకొనెడివారము. ఒత్తు తప్పినచోట నొత్తు పెట్టితిమి. దీర్ఘము లేనిచోట దీర్ఘము చేర్చితిమి. "రాసినాడు" అను మాటను గొట్టివైచి "వ్రాసెను" అని పైన వ్రాసితిమి. పాలు పోయు నామె వ్రాసిన రెండు వాక్యములలో నాలుగు దిద్దుబాట్లు చేసితిమి. అది యుపకారమనియే మా నమ్మకము. మా నాయనగారు మా పలకమీద నట్లే దిద్దిరి గదా! ఆరు నెలలు గడచునప్పటికి నోటుపుస్తకమున నొక వింత కనబడెను. అందఱును "బాగున్నది" యని వ్రాయసాగిరి. భాగవతము బాగున్నది. వంటలు బాగున్నవి. అచ్చమాంబ బాగున్నది. పుట వెంబడి పుట ఒకటే మాట, తప్పులేని మాట. మా దిద్దుబాటు ఫలించినదని మేము సంతసించితిమి.

ఆ సంతోషము రైలుగేటు కడ రవికెలు కుట్టు నొక యక్కయ్యవలన దొలగెను. కొలత యిచ్చుటకు మేము పోగా, ఆమె మిషను త్రొక్కుచునే "సెక్రటరీ"ని గూర్చి ధారాళముగా మాటలాడ నారంభించెను. "అందురూ ఆ రాజశేఖరం కారే చూస్తారు, అయివారమ్మా! నేను జయంతి జీతం చూసినా. పేదింటి బిడ్డ ఆపీసుకు పోయి తన దుడ్డు తాను తెచ్చుకుంటా ఉంటే, ఆడికాడికి రెండు తూర్లు చదివినా."

1960వ దశాబ్దినుండి తెలుగునాట నెందఱో స్త్రీలు చదివిన నవల యది. దానిని గొనియాడినవారును, అది పగటికలయని నిరసించినవారును ప్రేమకథయనియే యెంచిరి. మా మండలిలోనే యొక పెద్దమ్మ, "గొప్పింటివాడు వచ్చి పెండ్లాడుతాడని ఆడబిడ్డలకు లేనిపోని ఆశ పెట్టేదానికా ఇది?" అని గట్టిగా విమర్శించినది. ఆ మాటలోను న్యాయము కలదు. కాని రవికెలు కుట్టి యిద్దఱు బిడ్డలను సాకుచున్న యీ యక్కయ్య యందులో జదివినది మఱొక కథ. తన చేతికి వచ్చు జీతపు కథ. ఒక్క గ్రంథమున నిన్ని గ్రంథము లుండునని వసుచరిత్రమున రెండర్థముల పద్యములు వల్లించిన మాకే యంతవఱకు దోచలేదు.

"ఇంత మంచి మాట నోటుపుస్తకములో ఏల వ్రాయలేదు? అక్కడ బాగున్నది అని మాత్రమే యున్నదే!" యని మేమడిగితిమి. ఆమె మిషను ఆపెను. "రాస్తే ఎర్రసిరాతో గీస్తారు గదా మీరు! పరీక్షలు రాసే వయసా నాది? తప్పు లేకుండా రాసేది నాకు వచ్చింది ఆ వొగ మాటే" అనెను.

ఆమె మాటలో గోపము లేదు. ఉన్నచో మాకు గొంత సుఖముగా నుండెడిది. ఇంటికి వచ్చి నోటుపుస్తకము తెఱచితిమి. మొదటి పుటలలో నీలిసిరాకన్న నెఱ్ఱసిరాయే యెక్కువ. మలయాళస్వాములవారి గ్రంథమును గన్నుల కద్దుకొని పెట్టెలో బెట్టినవారము మేమే. ఆ గ్రంథము ఖండించిన పనిని మఱొక తీరున జేసినవారమును మేమే. నీకు జదువ నర్హత లేదనువారికిని, చదువవచ్చును గాని నీ మాట మా వ్యాకరణమున నున్నగాని చెల్లదను మాకును భేద మెంత? ఆ రాత్రి మేము అన్నము సరిగా దినలేదు.

వచ్చిన పున్నమికి ఎఱ్ఱకలమును మా వారికి తిరిగి యిచ్చివైచితిమి. బడిపిల్లల కాపీలకే దాని పని. నియమమును మార్చితిమి. తనకు వచ్చినట్లు వ్రాయవచ్చును. వ్రాయలేనివారు చెప్పినచో, ఎదుటివారు ఆ మాటను మార్పు లేకుండ వ్రాయవలెను. రవికెల యక్కయ్య వినుచుండగనే, జీతమునుగూర్చి యామె చెప్పిన మాటను మేమే మా చేతితో, ఆమె పలికిన తీరుననే, నోటుపుస్తకమున వ్రాసితిమి. దుడ్డు దుడ్డుగానే యుండెను, తూర్లు తూర్లుగానే యుండెను.

దాని వెనుకనే పెట్టెలోనికి క్రొత్త పుస్తకములు వచ్చెను. తిరుపతి చెంతనున్న మిట్టూరువారగు నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి "పచ్చ నాకు సాక్షిగా" అందులో నొకటి. ఇది మా ప్రాంతపు పల్లెమాటలోనే వ్రాసిన పుస్తకము. మా కది పూర్వము కొఱుకుడు పడలేదని దాచనేల? అచ్చులో నట్టి మాటలు చూచినప్పుడు పీటమీద గూర్చుండువారు వచ్చి నేలమీద గూర్చున్నట్లు మాకు దోచెడిది. పాలు పోయు నామె దానిని మూడు దినములలో జదివి తెచ్చినది. "తమోభాస్కరము"నకు నాలుగు నెలలు పట్టిన యామెయే! "మా యమ్మ ఇట్లే మాట్లాడతా ఉణ్ణింది. ఆమె మాటలు పుస్తకానికి ఎక్కే మాటలని నాకెవురూ చెప్పలేదు" అని చెప్పి, కొంగుతో గన్నులు తుడుచుకొనెను. ఆ మాట విన్న తరువాత మేము మరల నా పుస్తకము మొదటినుండి చదివితిమి. అందలి తల్లి మాటలు ఈసారి మాకు నేలమీద గూర్చున్నట్లు తోపలేదు. మేము వ్రాయు భాష యిదియే, మార్చుకొనలేము. అయినను ఆ భాష మా తల్లి భాషయని యొప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు.

రెండవది డాక్టరు కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు". ఈయన 1946లో చిత్తూరు జిల్లా తలపులపల్లెలో జన్మించి, నిజామాబాదు జిల్లాలో కుష్ఠరోగులకు వైద్యము చేయుచు, ఆ నడుమ నవలలు వ్రాసి, 2015లో గతించిరి. తప్పిపోయిన పందిని వెదకుచు నడవిలోనికి బోయిన యొక ముదుసలి కథ యది. దానిని ఒక డిగ్రీ చదువు చిన్నది తీసికొనిపోయి, రెండు పేరులతో రెండభిప్రాయములు వ్రాసి తెచ్చినది. ఒకటి తనది. రెండవది వాళ్లవ్వది. ఆ యవ్వకు జదువు రాదు, చూపును తగ్గినది. మనుమరాలు రాత్రిపూట చదివి వినిపించును. అంతకుమునుపు నెలలలో అవ్వ పేరిట "బాగున్నది" యని వ్రాసినది ఈ పిల్లయే యని మాకప్పుడు తెలిసెను. "అవ్వ చాలా చెప్పుతుంది, పెద్దమ్మా. కాని చదువురాని మాటలని నేనే రాయలేదు" అని తల వంచుకొనెను. మా యెఱ్ఱసిరా యెంత దూరము ప్రాకినదో చూచితిరా!

ఈసారి వ్రాసిన యవ్వ మాట యిది: "చిన్నప్పుడు మేక తప్పిపోతే నేనూ చీకట్లో అడవికి పోయినా. ముందు చెవికి బయమేస్తాది, ఆనక కంటికి. కాళ్లకు మాత్రం బయముండదు, అవి పోతానే ఉంటాయి. ఈ రాసినాయన మాట నిజమే." నవలలను విమర్శించు పండితులు పాత్రపోషణ మనియు, వాతావరణకల్పన మనియు జెప్పుదురు. అడవిలో రాత్రి నడచిన మనిషి చెప్పిన యీ సాక్ష్యమును వారెక్కడనుండి తేగలరు?

ఇంతవఱకు నంతయు సుఖముగానే నడచినది. ఆ పిమ్మట ఆ యవ్వ యింటనే చిక్కు వచ్చినది. ఆ చిన్నదానికి బెండ్లిమాటలు నడచుచుండెను. అప్పుడే యామె భాగవతమున రుక్మిణీకల్యాణము చదివి నోటుపుస్తకమున నిట్లు వ్రాసెను: "రుక్మిణిని ఎవరూ అడుగలేదు. అన్న శిశుపాలునికి ఇస్తానన్నాడు, తండ్రి ఊరకున్నాడు. అడుగకపోయినా ఆమె తన మాట చెప్పి పంపింది. చెప్పి పంపకపోతే ఈ కథే లేదు." శీఘ్రముగా వివాహము కావలెనని కన్నెపిల్లలచేత మన పెద్దలు పారాయణము చేయించు ఘట్టమది! మేమును జేసినదే. అందలి విప్రుడు సందేశమును దీసికొని పోవుట యెన్నిసార్లో చదివితిమి. సందేశమనగా నడుగని యభిప్రాయమే యని మాకు దట్టలేదు.

ఆ నెల పెట్టె వారి యింటనుండగా చిన్నదాని తండ్రి నోటుపుస్తకము చూచెను. ఆయన చెడ్డవాడు కాడు. కూతును డిగ్రీ చదివించుచున్నవాడే. మా వారి యొద్దకు వచ్చి, "ఆడపిల్లలు చదవడం మంచిదే అయివారూ, మేము వద్దనలేదు. చదివిన దానిమీద ఈ రాతలెందుకు? సంబంధానికి వచ్చినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అని చెప్పిపోయెను. తరువాత రెండు పున్నములకు అవ్వయు రాలేదు, మనుమరాలును రాలేదు.

చదువవచ్చును, అభిప్రాయ మేల యను నీ ప్రశ్న క్రొత్తది కాదు. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలమున, అనగా 18వ శతాబ్దిలో, ముద్దుపళని "రాధికాసాంత్వనము" రచించెను. వీరేశలింగము పంతులుగారు తమ కవులచరిత్రమున, ఆ కావ్యమున స్త్రీ నోట రాదగని శృంగారము కలదని నిందించిరి. పంతులుగారు బాలికల కొఱకు బడి పెట్టినవారు, 1881లో వితంతు వివాహము చేయించిన ధీరులు. మన చదువునకు ద్వారము తెఱచినవారిలో ముఖ్యులు. అట్టివారి తీర్పును బెంగుళూరు నాగరత్నమ్మ యను గాయని యంగీకరింపలేదు. ఆమె స్వయముగా వ్రాతప్రతి సంపాదించి, కావ్యమును బరిష్కరించి, వావిళ్లవారిచేత 1910లో అచ్చొత్తించెను. పురుషుల కావ్యములలో నింతకు మించిన వర్ణనలను మెచ్చుకొనువారు స్త్రీ వ్రాసినచో సిగ్గుపడుటకు గారణమేమని యామె పీఠికలో నడిగెను. అది యొక చదువరి యభిప్రాయము. దాని ఫలముగా దొరతనమువారు గ్రంథము నశ్లీలమని నిషేధించి ప్రతులను బట్టుకొనిరి. 1940వ దశాబ్ది కడపట నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. నాగరత్నమ్మగారు గతించినదియు ఆ సంవత్సరమే.

ఈ కథను మేము పున్నమి సభలో జెప్పుచుండగా, రవికెల యక్కయ్య, "ఆ పుస్తకం మీ దగ్గర ఉందా?" యని యడిగెను. ఉన్నది. మా గదిలో బీరువా పైయరలో, పేరు కనబడకుండ వెన్ను గోడవైపునకు ద్రిప్పి యున్నది. మేము చదివినదే. మా వారికి దప్ప నెవరికిని జెప్పలేదు. అంతకన్న జిత్రము, మూడేండ్లలో ఆ నోటుపుస్తకమున మా యభిప్రాయ మొక్కటియు లేదు! అందఱి మాటలు దిద్దితిమి, మా మాట వ్రాయలేదు. దిద్దువారికి భయము లేదు, చెప్పువారికే భయము.

ఆ పుస్తకము పిల్లల చేతి కియ్యదగినదని మేము చెప్పము. పెద్దలు చదువదగినది. ఆ దినమున దానినిగూర్చి మేము నోటుపుస్తకమున వ్రాసినది యిది: రాధ తాను పెంచిన యిళను దానే కృష్ణున కిచ్చి పెండ్లి చేసినది. తన చేతితో నిచ్చివైచిన తరువాత వచ్చు దుఃఖము ఎవరితోను జెప్పుకొనరానిది. మాకు మనసున నిలిచినది శృంగారము కాదు, ఆ చెప్పుకొనరాని దుఃఖము. వ్రాసి, క్రింద మా పేరు పెట్టితిమి. చేయి కొంత వణకిన మాట నిజము.

మూడవ పున్నమినాడు అవ్వ కఱ్ఱ యూతతో మా గడప యెక్కెను. వెనుక మనుమరాలు. "పుస్తకం ఇయ్యమ్మా అయివారమ్మా! నా కొడుక్కు చెప్పినా. నాకా చూపు లేదు. చదివేదానికి బిడ్డ నా కాడ ఉండాల. చదివినాక ఇద్దరం నాలుగు మాటలు అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు. నా నిద్ర చెడగొట్టి వాడేం బాగుపడతాడు?" అనెను. వసారా యంతయు నవ్వినది. చిన్నదాని పరీక్షలు ముగియువఱకు బెండ్లిమాట యెత్తరాదని కూడ ఆ యవ్వయే కట్టడి చేసినదని పిమ్మట వింటిమి. ఇది పుస్తకము చేసిన పనియని మేము చెప్పము. అవ్వ చేసిన పని. పుస్తక మామెకు మాటలాడుట కొక పని కల్పించినది. ఆ తండ్రియు నోటుపుస్తకమును మరల నడ్డగింపలేదు. అందులో నిప్పుడు తన తల్లి మాటయు నున్నది గదా!

1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా కాలువలలో బడవపై గ్రంథాలయము నడపి, గట్టుననున్న యూళ్లకు బుస్తకముల నందించిరి. అట్టి మహనీయుల కృషిచేత పుస్తకము మన గడప వఱకు వచ్చినది. అది వచ్చిన దారినే మన మాటను మరల బంపుట మన వంతు. సోదరీమణులారా, దీనికి ధనము వలదు. ఒక పెట్టె, పది పుస్తకములు, ఒక నోటుపుస్తకము చాలును. పుస్తకములన్నియు నొక్క తీరువి కాకుండ జూడుడు. పురాణము ప్రక్కన నవలయు, నవల ప్రక్కన వంటల పుస్తకము నుండనిండు. మీకు నచ్చనివి రెండైనను జేర్చుడు. ఒక్కరికి నచ్చినది మఱొకరికి నచ్చకున్న దెబ్బలాడుడు, తప్పు లేదు. "బాగున్నది" యని వ్రాసినవారిని ఏది బాగున్నదని మెల్లగా నడుగుడు. చదువురాని యత్తగారు, అవ్వ యింటనున్నచో వారికి జదివి వినిపించి, వారన్న మాటను వారన్నట్లే వ్రాయుడు. అక్షరదోషము కనబడినచో మీ పిల్లల పలకమీద దిద్దుడు. పెద్దవారి యభిప్రాయముమీద వలదు.

ఈ నెల మా పెట్టెనుండి అవ్వ తీసికొనిపోయినది భాగవతము. మనుమరాలు ఎచ్చట జదివి నిలిపినదో మాకు గనిపించుటకు, రుక్మిణి సందేశము పంపిన పుటలో నొక మల్లెమొగ్గ నుంచినది. వచ్చు పున్నమికి అవ్వ యేమనునోయని మేము వేచియున్నాము.